అత్తయ్య సాక్ష్యం

ఆ వేసవిలో మా ఇంటికి చిన్న లాయర్లు వచ్చారు. ఆ పేరు పెట్టింది నేనే. లా కాలేజీలో చదువుకునే పిల్లలు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. సెలవుల్లో ఇంటిపట్టున కూర్చోకుండా మానవ హక్కుల కేసుల్లో పనిచేసి అనుభవం సంపాదించాలట. దానికి మార్కులు కూడా వేస్తారట. వాళ్ళకి పాఠాలు చెప్పే మేడమ్ కోర్టుకి కూడా వెళ్తుంది. పైసా తీసుకోకుండా మా కేసు పట్టుకున్నది ఆవిడే. ఆవిడ వెంట వీళ్ళు.

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. మొదటి రోజే ముఖం మీద అనేశాను, మా ఆయన చచ్చిపోతే మీకు ప్రాక్టికల్సా అని. అబ్బాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అమ్మాయి మాత్రం తల దించుకోలేదు.

"అవునక్కా, నేర్చుకోడానికే వచ్చాం" అంది.

బుకాయిస్తుందనుకున్నాను. చాప పరిచాను.

మా ఆయన మందుల గోడౌన్‌లో వ్యాను నడిపేవాడు. చలి తగ్గుతున్న రోజుల్లో గోడౌన్‌లో సరుకు పోయింది. పోలీసులు డ్రైవర్లని ఒక్కొక్కర్నీ పిలిచి వాయించడం మొదలుపెట్టారు. ఒకతను చెయ్యి కట్టు కట్టించుకుని తిరగడం చూసి మా ఆయనకి గుండె జారిపోయింది. ఇంట్లో పడుకోవడం మానేసి ఒక స్నేహితుడి మెకానిక్ షెడ్డులో తలదాచుకున్నాడు. ఒకరోజు నేను ఫ్యాక్టరీలో ఉండగా పోలీసుల చేతికి చిక్కాడు. మర్నాడు ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది.

బైపాస్ రోడ్డు పక్కన ఎవరో పడి ఉంటే తెచ్చి చేర్పించామన్నారు పోలీసులు. ఏదో బండి గుద్దేసి పోయిందన్నారు. అసలు ఆ మనిషిని స్టేషన్‌కే తీసుకురాలేదన్నారు. నేను దుప్పటి తీసి చూశాను. అరికాళ్ళు రెండూ వాచి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. రోడ్డు మీద వెళ్ళే మనిషిని అరికాళ్ళ మీద గుద్దే బండి ఏదో నాకు ఇప్పటికీ తెలీదు.

కాబట్టి కేసంతా ఒక్క మాట మీద ఆగింది. ఆయన్ని స్టేషన్‌లోకి తీసుకెళ్ళారా లేదా అని. తీసుకెళ్ళారని చెప్పడానికి ఉన్నది ఒక్క మా అత్తయ్యే. బట్టలు మార్చుకోడానికి మధ్యాహ్నం కొడుకు ఇంటికి వచ్చాడనీ, తిరిగి వెళ్తుంటే మన వీధిలోకి జీపు వచ్చిందనీ, మఫ్టీలో ఉన్నవాళ్ళు లాగి ఎక్కించుకుపోయారనీ ఆవిడ చెప్పింది. ఆ రాత్రే చెబితే నేను స్టేషన్ మీదికి వెళ్ళి గొడవ పడతానని ఆగిందట. మేడమ్ ఆవిడ మాటల్ని వాంగ్మూలంగా రాయించి విచారణాధికారికి పంపింది.

ఆవిడ తప్ప వీధిలో ఇంకెవరూ చూడలేదు. మా వీధి మొగలో ఇస్త్రీ బండి అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడి ఉంటాడు. జీపు రాలేదమ్మా అన్నాడు. నేను అతన్ని నడివీధిలో నిలబెట్టి కడిగిపారేశాను. పోలీసులు ఎంత ఇచ్చారని అడిగాను. నీ ఇంట్లో చావు వస్తే తెలుస్తుందన్నాను. అతను ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి, తిట్లన్నీ అయ్యేదాకా ఉండి, మళ్ళీ పని చేసుకున్నాడు. అప్పట్నుంచీ ఆ బండి దాటినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా నాకు కాలు ముందుకు పడేది కాదు. అత్తయ్య నా పక్కనే నడిచేది.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక కానిస్టేబుల్ ఉంటాడు. ఆ స్టేషన్‌లోనే పని. అత్తయ్యని పెద్దమ్మా పెద్దమ్మా అని నోరారా పిలిచేవాడు. మా ఆయన పోయాక ముఖం చాటేశాడు. పోలీసు పోలీసు వైపే ఉంటాడు గదా అనుకున్నాను తప్ప, నాకు అంతకుమించి తట్టలేదు.

ఆయన పోయిన కొత్తల్లో మా అన్నయ్య వచ్చి నన్ను తమ ఊరు రమ్మన్నాడు. పిల్లలు లేరు, ఈ ఇంట్లో నీకు ఎవరున్నారన్నాడు. అత్తయ్య తలుపు వెనక నిలబడి వింటోందని నాకు తెలుసు. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి రానని చెప్పి పంపేశాను. అంతకుముందు మేం పొయ్యి దగ్గరా నీళ్ళ దగ్గరా పోట్లాడుకోని రోజు లేదు. ఆయన పోయాక ఒకే గదిలో పక్కపక్కన పక్కలేసుకున్నాం. నేను ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మెషీన్ మీద పనిచేసి వచ్చేసరికి ఆవిడ వేణ్ణీళ్ళు పెట్టి ఉంచేది. వద్దన్నా నా వేళ్ళకి నూనె రాసేది. అదంతా ప్రేమే అనుకున్నాను. కాదని ఇప్పుడూ అనను.

చిన్న లాయర్లు వారం వారం వచ్చేవాళ్ళు. అబ్బాయి టేపు పట్టుకుని వీధంతా కొలిచి బొమ్మ గీశాడు. అమ్మాయి అడిగిందే పది రకాలుగా అడిగేది. దానికి ప్రశ్నల పిల్ల అని రెండో పేరు పెట్టాను. వాళ్ళకి మేడమ్ ఒక నియమం పెట్టిందట, సాక్షి నోట్లో మాట పెట్టకూడదని. మాట దొరక్క సాక్షి తడుముకుంటున్నా సరే, మనం అందించకూడదు, ఆగాలి. అందుకని అత్తయ్య ఆగినప్పుడల్లా వాళ్ళిద్దరూ పెన్నులు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండి నేను చెప్పేసేదాన్ని. "అక్కా, మీరు చూళ్ళేదు కదా, అమ్మమ్మనే చెప్పనివ్వండి" అనేది అమ్మాయి. ఇంతలో అత్తయ్యకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

కొడుకు మాట ఎత్తితే తట్టుకోలేక లేచిపోతోందనుకున్నాను. ఆ పిల్లలంటే ఆవిడకి ముద్దు కూడా. ఒకరోజు ఎండన పడి వచ్చి అమ్మాయి గోడకి జేరగిలబడి నిద్రపోయింది. అత్తయ్య ఫ్యాను దాని వైపు తిప్పి, నోట్లో నోట్లో, "ఎవరి కడుపున పుట్టిందో, మన కోసం ఎండలో తిరుగుతోంది" అంది. అబ్బాయి మా ట్యూబులైటు బాగుచేశాడు. చదువు అబ్బకపోయినా ఈ పనితో బతికేస్తావులే అని నేను ఏడిపిస్తే నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినపడటం ఆయన పోయాక అదే మొదలు.

విచారణ దగ్గరపడింది. మేడమ్ మమ్మల్ని ఒకసారి కాలేజీకి రమ్మంది. అక్కడ పిల్లలు వాదించడం నేర్చుకోడానికి కోర్టులాగే కట్టిన గది ఒకటి ఉంది. ఎత్తు మీద కుర్చీ, కింద బల్లలు, పక్కన చెక్క బోను. సెలవులు కావడంతో బల్లల మీద దుమ్ము పేరుకుని ఉంది. ఏం చెప్పాలో మేం నేర్పమమ్మా, పరాయివాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే ఎలా ఉంటుందో అలవాటు చేస్తాం, అక్కడికి వెళ్ళాక బెదిరిపోకుండా ఉంటారు అని అత్తయ్యకి నచ్చజెప్పింది. కళ్ళజోడు అబ్బాయి అధికారిగా పై కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ నాన్న కోటు వేసుకొచ్చినట్టున్నాడు పాపం, చేతులు కనపడటం లేదు. ప్రశ్నల పిల్ల పోలీసుల తరఫు లాయరు. మేడమ్ వెనక బల్ల మీద, నేను ఆవిడ పక్కన.

నల్లకోటు వేసుకునేసరికి ఆ పిల్ల మారిపోయింది. మా ఇంట్లో చాప మీద నిద్రపోయిన పిల్ల కాదు. గొంతు కూడా వేరే. రోజంతా ఇంట్లో ఉన్నారా, కొడుకు ఏ చొక్కా వేసుకున్నాడు, ఎంతమంది దిగారు అని గుక్క తిప్పుకోనివ్వకుండా అడుగుతోంది. అత్తయ్య బోను చెక్క పట్టుకుని చెప్పింది చెప్పినట్టు చెబుతోంది. నాకు ఆవిడ మీద గర్వంగా కూడా అనిపించింది.

"జీపు ఏ వైపు నుంచి వచ్చింది?"

"పెద్ద రోడ్డు వైపు నుంచి."

"మీ వీధిలోకి వచ్చిందా?"

"వచ్చింది."

"ఆ వారమంతా మీ వీధి మొగలో పైపుల కోసం గొయ్యి తవ్వి ఉంది. సైకిళ్ళు కూడా దించి చెక్క మీద నడిపించుకెళ్ళారు. ఆ గొయ్యి దాటి జీపు లోపలికెలా వచ్చింది?"

నాకు చప్పున గుర్తొచ్చింది. ఆ చెక్క మీద అడుగులో అడుగేసుకుంటూ నేనూ రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళాను. చావు దెబ్బకి అది మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. అబ్బాయి వీధి కొలిచినప్పుడు గొయ్యి పూడ్చేసి ఉంది. ఈ పిల్ల ఎవర్నడిగి తెలుసుకుందో మరి. జీపు అవతలే ఆపి నడిచొచ్చి ఉంటారు అని నేను బల్ల మీంచే అందించాను. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగొద్దని మేడమ్ వాళ్ళకి క్లాసులో చెప్పిందట. జవాబు చాలా చిన్నదే అయి ఉంటుందని ఆ పిల్ల అనుకుంది. అత్తయ్య ఆగిపోయేసరికి దాని ముఖంలో రంగు తగ్గింది. ఆ గదిలో ఎవరూ ఎవరికీ మాట అందించలేదు.

అత్తయ్య లాయరు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"జీపు రాలేదమ్మా" అంది. "నేనే తీసుకెళ్ళాను."

తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయింది. ఆ ముందు రోజు కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చాడట. దాక్కుంటే దొంగ కిందే లెక్క పెద్దమ్మా, నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకొస్తే మర్యాదగా ఉంటుంది, ఇనస్పెక్టర్ రెండు ముక్కలు అడిగి పంపించేస్తాడు, నేనుంటాగా అన్నాడట. అత్తయ్య మెకానిక్ షెడ్డుకి వెళ్ళింది. ఆయన రానన్నాడు. ఈవిడ తిట్టింది, ఏడ్చింది, తన మీద ఒట్టు పెట్టింది. నీ పెళ్ళాం మెషీన్ తొక్కి తెస్తుంటే షెడ్డులో పడుకోడానికి సిగ్గులేదా అంది. ఆ మాటకి లేచాడట. స్టేషన్ మెట్ల దాకా పక్కనే నడిచింది. బయట బెంచీ మీద కూర్చోమన్నారు, కూర్చుంది. లోపల్నుంచి ఏమీ వినపడలేదని చెప్పింది, మళ్ళీ కాసేపటికి, వినపడిందని చెప్పింది. పొద్దుగూకాక, ఇంటికి వెళ్ళు, వెనకాలే పంపిస్తాం అన్నారు. వచ్చి కొడుక్కి కూడా వండింది.

ఆ రోజు నేను డ్యూటీ దిగి వచ్చి, ఎవరికి ఇంత అన్నం ఎక్కువ వండారు అని అడిగాను. పొద్దున్నకి ఉంటుందిలే అంది. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ప్రశ్నల పిల్ల కోటు విప్పి చేతిలో పట్టుకుని నిలబడింది. అబ్బాయి ఆ పై కుర్చీలోంచి దిగడం మర్చిపోయాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. బస్సులో అత్తయ్య నా వెనక సీట్లో కూర్చుంది.

తర్వాత మా ఇంట్లో మాటల్లేవు. నేను పక్క ముందు గదిలోకి మార్చేశాను. పొద్దున్నే వెళ్ళి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిని వచ్చేదాన్ని. ఆవిడ వేణ్ణీళ్ళు పెట్టడం మానలేదు, నేను ముట్టుకోవడం మానేశాను. ఆవిడ కొడుకుని చంపుకుందని నాకు కోపం కాదు. ఆ రోజు నన్ను అడిగి ఉంటే నేనూ వెళ్ళమనేదాన్నేమో, ఎవరు చెప్పగలరు. నా కోపమంతా అబద్ధం మీద. ఒకరోజు పట్టలేక అడిగేశాను.

"ఆ ఇస్త్రీ అతన్ని నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే పక్కనే నిలబడి విన్నారు కదత్తయ్యా."

"విన్నాను. ప్రతి తిట్టూ నాదే అనుకుని విన్నాను" అంది.

అన్నయ్యకి ఫోన్ చేశాను, విచారణ కాగానే వచ్చేస్తానని. పెట్టె దించి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను. అత్తయ్య చూసింది. వద్దనలేదు. నేను పక్కన పెట్టిన ఉన్ని దుప్పటి తీసి మడిచి పెట్టె పక్కన ఉంచింది.

మేడమ్ వచ్చి విషయం విప్పి చెప్పింది. ఇప్పుడు బయటికి వచ్చిందే మన బలం, కన్నతల్లి స్వయంగా తీసుకెళ్ళి అప్పజెప్పిందంటే మనిషి తన కాళ్ళ మీద నడిచి స్టేషన్‌లోకి వెళ్ళినట్టే. కానీ మొదటి వాంగ్మూలంలో జీపు ఉంది. దాంతోనే ఆవిడ మాట కొట్టేస్తారు. ఆ తల్లీకొడుకులు స్టేషన్‌లోకి వెళ్ళడం చూసినవాళ్ళు ఇంకొకరు దొరికితే తప్ప కష్టం. చిన్న లాయర్లు ఆ మండుటెండలో స్టేషన్ ఎదుట వీధి పట్టుకుని తిరిగారు. దొరికాడు. జిరాక్స్ షాపతను. ఆ రోజు లైసెన్సు కాపీ కావాలని కానిస్టేబుల్ పంపిస్తే తల్లీకొడుకులిద్దరూ ఆ షాపుకే వెళ్ళారు. మా ఆయన చొక్కా రంగుతో సహా చెప్పాడట. చూశానని ఎంత సూటిగా చెప్పాడో, రానని అంత సూటిగా చెప్పాడు. షట్టర్ ఎత్తితే నాకు ఎదురుగా కనపడేది స్టేషనే బాబూ, రోజూ ఎత్తాలి కదా అన్నాడు. ముఖం కందిపోయి వచ్చాడు అబ్బాయి. అతని మీద కోపం కూడా రావట్లేదక్కా అన్నాడు.

మర్నాడు ప్రశ్నల పిల్ల ఒక్కతే వచ్చింది, అత్తయ్య బయటికి వెళ్ళిన వేళ చూసుకుని. ఈ చదువు మానేస్తానంది. మంచి ప్రశ్న దొరికిందని, మేం కాలేజీకి వెళ్ళిన రోజుకి ముందు రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదట. మేడమ్ మెచ్చుకుంటుందనుకుందట. నా ప్రశ్న వల్ల మీ ఇల్లు రెండైపోయింది అని ముక్కు చీదుకుంది. నాకు జాలి వేసింది గానీ, నా జాలి కూడా కోపంలాగే బయటికి వస్తుంది.

"నువ్వడక్కపోతే అక్కడ విచారణలో పోలీసుల లాయరు అడిగేవాడు" అన్నాను. "మా అత్తయ్య అందరి ముందూ దొంగసాక్షి అయ్యేది. మా ఆయన బైపాస్ రోడ్డు మీదే చచ్చినట్టు రాసేసేవాళ్ళు. ఏడుపు ఆపి పోయి పని చూసుకో."

ముఖం తుడుచుకుంది. గుమ్మం దాటబోతూ, విచారణకి వస్తారా అక్కా అని అడిగింది. మా ఆయన కోసం వస్తాను, ఆవిడ కోసం కాదన్నాను.

విచారణ ఒక ప్రభుత్వ ఆఫీసులో పెట్టారు. మామూలు గది, పాత ఫ్యాను, గోడ పొడుగునా బీరువాలు. అధికారి అలసిపోయిన మనిషి, చెడ్డవాడిలా లేడు. పోలీసుల లాయరుది తీయటి గొంతు, ప్రతి మాటకీ ముందు అమ్మా అని చేరుస్తాడు. కానిస్టేబుల్ మామూలు బట్టల్లో వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. చిన్న లాయర్లు మేడమ్ వెనక ఒదిగి కూర్చున్నారు. అక్కడ వాళ్ళకి నోరెత్తే హక్కు లేదట.

అత్తయ్య ఉన్నదున్నట్టు చెప్పింది. మెకానిక్ షెడ్డు, ఒట్టు, మెట్లు, బెంచీ, లోపల్నుంచి వినపడింది, అన్నీ. నేను అప్పటిదాకా వినని ముక్క ఒకటి అక్కడ విన్నాను. మెట్లెక్కేటప్పుడు మా ఆయన ఆవిడ చెయ్యి వదిలించుకుని, "ఇంక నువ్వెళ్ళమ్మా, నువ్వు చూస్తే నాకు భయమేస్తోంది" అన్నాడట.

తర్వాత తీయటి గొంతు లేచింది.

"అమ్మా, మొదట జీపు వచ్చిందని రాయించారు. అది అబద్ధమా?"

"అబద్ధమే."

"ఎందుకు చెప్పారమ్మా?"

"ఇంట్లో కోడలుంది. ఆ పిల్లకి ఏమని చెప్పను?"

"అంటే, కడుపున పుట్టిన కొడుకు చావు గురించి సొంత కోడలికే అబద్ధం చెప్పగలిగారు. ఇక్కడ పరాయివాళ్ళ ముందు మాత్రం నిజం చెబుతున్నారు. మమ్మల్ని నమ్మమంటారు. ఈ కాలేజీ పిల్లలు కొత్త కథ నేర్పారని మేమెందుకు అనుకోకూడదమ్మా?"

ఈ ప్రశ్న మా ప్రశ్నల పిల్లకి తట్టలేదు. చూశాను, దాని పెన్ను కాగితం మీద ఆగిపోయింది. అధికారి ఏదో రాసుకోవడం ఆపి తలెత్తాడు. అయిపోయింది, ఇంక అత్తయ్యకి నోరు పెగలదు అనుకున్నాను.

"అబద్ధం చెప్పింది ఆ పిల్ల నన్ను వదిలి పోకుండా ఉండటానికి బాబూ" అంది చివరికి. "ఇప్పుడది పోతోంది. పెట్టె సర్దుకుంది. ఇంక అబద్ధం ఎవరి కోసం చెప్పాలి?"

అధికారి చూపు బెంచీల మీద తిరిగి నా దగ్గర ఆగింది. మీరేనా కోడలు అని అడిగాడు. లేచి నిలబడ్డాను. ఆవిడ చెప్పింది నిజమేనా అన్నాడు.

"నిజమే" అన్నాను. "పెట్టె సర్దుకున్నాను. మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతున్నాను."

తీయటి గొంతుకి ఇంకో ప్రశ్న రాలేదు. కూర్చున్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అప్పటిదాకా పళ్ళ బిగువున పట్టుకున్న కోపం కోసం లోపల వెతుక్కున్నాను, దొరకలేదు. కొడుకు పోయిన మనిషి, కోడలు కూడా పోతుందేమోనని భయపడి ఇంత పని చేసింది. ఆ సంగతి నాకు ఎదురుగా చెప్పుకోలేక, ఆఖరికి పోలీసుల లాయరుకి చెప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. వెనక కానిస్టేబుల్ ఉన్నాడని మింగేశాను.

ఎండలు తగ్గుముఖం పట్టాక అధికారి నివేదిక వచ్చింది. మనిషి స్టేషన్‌లోనే ఉన్నాడనీ, దెబ్బలు అక్కడివేననీ రాశాడు. ఇనస్పెక్టర్ మీదా కానిస్టేబుల్ మీదా కేసు పెట్టారు, ఇద్దర్నీ ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. మేడమ్ ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చింది, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని. సంబరపడేందుకు ఏమీ లేదు, ఇప్పుడు అసలు కోర్టు మొదలవుతుంది, అక్కడ అత్తయ్య మళ్ళీ నిలబడాలి అంది. సర్దిన పెట్టె మూలనే ఉంది. ప్రయాణం నేను ఏదో వంక పెట్టి వాయిదా వేస్తూ వస్తున్నాను. ఆ రోజు చెప్పేశాను, నేనెక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉంటానని.

ఎవరూ సంతోషించలేదు. నాకు అర్థం కాలేదు. అబ్బాయే గొంతు తగ్గించి చెప్పాడు. మీరు వెళ్తున్నారన్న మాట మీద ఆ అధికారి అమ్మమ్మని నమ్మాడక్కా. అది నివేదికలో కూడా రాశాడు. ఆ కానిస్టేబుల్ ఇప్పుడు డ్యూటీ లేక రోజంతా అరుగు మీదే కూర్చుంటున్నాడు. మీరు ఇక్కడే ఉంటే చూడడా? కోర్టులో వాళ్ళ లాయరు మొదట అడిగేది అదే, కోడలు వెళ్ళిందా అని.

ప్రశ్నల పిల్ల వాడి మీద విరుచుకుపడింది. మనిషి మనసు మార్చుకోకూడదని ఏ చట్టంలో ఉంది అంది. అక్క ఉండొచ్చు, ఉండాలి, కేసు కోసం వీళ్ళని విడదీయడం మన పని కాదు అంది. చట్టంలో లేదు, కానీ నువ్వు అవతలి లాయరువైతే వదుల్తావా అని అబ్బాయి అడిగాడు. అంత మంచి ప్రశ్న ఆ పిల్ల వదలదని అందరికీ తెలుసు. ఇద్దరూ మేడమ్ వైపు చూశారు. ఇది అత్తాకోడళ్ళు మీరిద్దరే తేల్చుకోవాలి, నేను ఉండమనీ చెప్పను, వెళ్ళమనీ చెప్పను అంది మేడమ్.

తేల్చింది అత్తయ్య. "వెళ్తానని చెప్పింది కదా, వెళ్తుంది" అంది. మజ్జిగ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సెలవులు అయిపోయాయి. చిన్న లాయర్లు కాలేజీకి వెళ్ళిపోయారు. మంచి మార్కులే వచ్చాయని అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. చెబుతున్నప్పుడు వాడి గొంతులో సంతోషం లేదు. అమ్మాయి చదువు మానలేదట, అక్కడికి సంతోషం.

నేను ఒక ఉదయం బయల్దేరాను. ఇస్త్రీ బండి దగ్గర ఆగి, నాదే తప్పన్నా, నిన్ను అనరాని మాటలన్నాను అని ముందురోజే చెప్పి వచ్చాను. పోనీలే తల్లీ అన్నాడు. అంతకంటే వీడ్కోళ్ళు ఎవరితోనూ పెట్టుకోలేదు. ఇంట్లో తలుపు వేసుకుని అత్తయ్య నా వేళ్ళకి నూనె రాసింది, ఒక్కో వేలూ విడిగా, తొందర లేకుండా. కేసు ఎప్పటికి తేలుతుందత్తయ్యా అని అడిగాను. తేలేదాకా బతికుంటాలే అంది. అప్పటిదాకా ఫోన్ కూడా చేసుకోకూడదనుకున్నాం. మేడమ్ చెప్పలేదు, మేమే అనుకున్నాం.

పెట్టె పట్టుకుని వీధిలోకి దిగాను. గొడవపడి పోతున్న కోడలి పెట్టె అత్త మోస్తే బాగుండదని ఆవిడ ఉత్త చేతులతో వెనక నడిచింది. సాగనంపడానికి కాదు, పొమ్మని తరుముతున్నట్టు కాస్త దూరంగా. నాలుగిళ్ళ అవతల అరుగు మీద కానిస్టేబుల్ పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి పేపరు దించాడు.

వెనకనుంచి అత్తయ్య గొంతు వినపడింది, నాకు మాత్రమే వినపడేటంత.

"చూస్తున్నాడు. ముఖం కాస్త కోపంగా పెట్టు తల్లీ."

ఎంత ప్రయత్నించినా నాకు కోపం రాలేదు. తల వంచుకుని, పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, అతని అరుగు దాటేదాకా వెనక్కి తిరక్కుండా నడిచాను.